క్వార్టర్ పెరట్ల రామక్క పెంటగుంత

రామక్క కొత్తగూడెంల బస్సు దిగేటప్పటికి ఆమె దగ్గర ఉన్నయి రెండే రెండు. ఒకటి బట్టల సంచి, ఇంకొకటి కొంగు ముడి. సంచి ఎవడన్న ఎత్తుకపోతే పోనీ అనుకునేది. కొంగు ముడి మీదికెళ్ళి మాత్రం చెయ్యి తియ్యలేదు. పానమంత ఆ ముడిలనే ఉన్నది మరి. తొమ్మిది చిక్కుడు గింజలు.

రెండువేల ఆరు శ్రావణంల గోదావరి ఎట్ల వచ్చిందో ఆ ఏటొడ్డు మనుషులకు కొత్తగ చెప్పేది లేదు. దుమ్ముగూడెం పక్కన రామక్కోళ్ళ ఊరు. నీళ్ళు గడప దాటినయ్, పొయ్యి దాటినయ్, మట్టిగోడలను నానబెట్టి కూలగొట్టినయ్. మనుషులు గొడ్లను తోలుకొని మిట్టమీది బడిల తలదాచుకున్నరు. నీళ్ళు తీసినంక వచ్చి చూస్తే, అటక మీద విత్తనాలు దాచిన సొరకాయ బుర్రలు బురదల దొర్లుతున్నయ్. బీర విత్తనం కుళ్ళింది. కాకర విత్తనం కుళ్ళింది. "పోతే పోయినయ్ తియ్, సంతల కొనుక్కుందాం" అన్నడు ఆమె పెనిమిటి దూలయ్య. కాని చిక్కుడు బుర్ర ఒంపినప్పుడు మాత్రం ఆయన కూడ బురదల కూసోని గింజ గింజ ఏరిండు.

ఎందుకంటే ఆ చిక్కుడు సంతల దొరికేది కాదు. కాయ అంచుకు వంకాయ రంగు, గింజ కాటుకంత నలుపు, మూతికి మాత్రం తెల్లటి గీత. ఉడుకుతుంటే వాసన వాకిట్లకు వస్తది. రామక్క అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది, రామక్కకు అమ్మ ఇచ్చింది. వాళ్ళింట్ల ఒక పద్ధతి. బిడ్డ తల్లయినంక, తల్లి చాటల పోసి గుప్పెడు గింజలిస్తది. అంతకుముందు అడిగినా ఇయ్యదు, పరాయోళ్ళకు అసలే ఇయ్యదు. ఇప్పుడు చూస్తే రామక్క బిడ్డ వనజకు తొమ్మిదో నెల. గుప్పెడు ఇద్దామంటే మిగిలినయి తొమ్మిది గింజలు. అవి కూడ ఒకసారి నీళ్ళు తాగిన గింజలు. మళ్ళ వానాకాలం దాక పెడితే మొలకెత్తవు. చలికాలం లోపల మొలిచి కాస్తే కాసినట్టు, లేకుంటే ఆ విత్తనం రామక్కతోనే ఆఖరు.

తొలిచూలు పుట్టింట్ల కావాలె గని, పుట్టింటి మీద అప్పుడు ఉన్నది టార్పాలిన్ పట్ట ఒక్కటే. అందుకని తల్లే బిడ్డ దగ్గరికి వచ్చింది. అల్లుడు నాగరాజు బొగ్గుబాయిల పని. రెండు గదుల క్వార్టరు, వెనక పెరడు అని పేరుకు మంచమంత జాగ. వచ్చిన వారానికే వనజకు దవాఖానల కాన్పయింది, ఆడపిల్ల. బాలింతకు పత్యం, పిల్లకు స్నానం, ఇంత పనిల కూడ రామక్క కన్ను ఆ పెరటి మీదనే. గడ్డపార వేస్తే ఠంగుమన్నది. నల్లటి మన్ను, రాయికి రాయి.

"మన్ను ఎట్లున్నా బూడిద ఉన్నదిగా" అనుకున్నది. వాళ్ళ ఊర్ల చిక్కుడు పెట్టేది గట్లనే. గుంత తీసి, పొయ్యిలోని బూడిద పోసి, మీద గింజ పెట్టాలె. ఇక్కడ నీళ్ళు కాగబెట్టే బొగ్గుల పొయ్యి ఉండనే ఉన్నది. పక్కనే గోడ వారకు గంపలకొద్ది బూడిద. "ఇంత బూడిద పెట్టుకొని ఒక్క చెట్టు పెట్టలే, ఎంత సోమరోళ్ళు!" అని బిడ్డనూ అల్లున్నీ తిట్టుకుంట, పిరికెడు పోసే కాడ గంపెడు పోసింది. అయిదు గింజలు పెట్టింది. నాలుగు దాచింది.

అయిదోనాటికి అయిదూ మొలిచినయ్. రామక్క సంబురం చూడాలె! పసిపిల్లను ఎత్తుకొచ్చి మరీ చూపెట్టింది. కాని ఎనిమిదోనాటికి ఆకు అంచులు మాడినట్టయినయ్. నీళ్ళు పోసింది. పోసినకొద్ది పైన మన్ను సిమెంటు లెక్క పెచ్చు కట్టింది. పన్నెండోనాటికి అయిదూ తల వాల్చినయ్. రామక్క అక్కడనే కూలబడ్డది.

గోడ అవతలి నుంచి ఎవరో కిసుక్కున నవ్విండ్రు. అజ్మత్ బీ. క్వార్టర్ల చివర సందుల ఆమె పెనిమిటి గులాం రసూల్‌ది చాయ్ హోటల్. వాళ్ళ ఇల్లు, ఈ పెరడు గోడకు గోడ.

"ఏంది బీబీ, నా చెట్లు సచ్చినయని నీకు నవ్వొస్తున్నదా?" అని లేచింది రామక్క.

"చెట్లకు కాదు అక్కా, నీ బూడిదకు నవ్వొచ్చింది. గంపలు గంపలు పోస్తుంటే నేను చూస్తనే ఉన్న. నువ్వు ఏదో మందు చేస్తున్నవ్ అనుకున్న."

"మా ఊర్ల బూడిద పోస్తే చిక్కుడు ఇంటిమీదికి ఎక్కుతది."

"మీ ఊర్ల పొయ్యిల ఏం పెడతరు?"

"ఏం పెడతరు? కట్టెలు."

"ఇది బొగ్గు బూడిద అక్కా! ఇరవై ఏండ్ల నుంచి మా ఆయన హోటల్ వెనక పోస్తున్నడు. వచ్చి చూడు, అక్కడ ఒక్క గడ్డిపోచ మొలవలె. మేక కూడ అటు పోదు."

రామక్క పోయి చూసింది. నిజమే. సందంత గడ్డి ఉన్నది, ఆ బూడిద దిబ్బ మీద మాత్రం ఏమీ లేదు. కట్టె బూడిద చెట్టులకెళ్ళి వస్తది, చెట్టుకు సయిస్తది. ఇది భూమి అడుగుల రాయి కాలిన బూడిద. చూస్తే రెండూ ఒక్క తీరు. ఇంత వయసొచ్చి ఇది తెల్వకపాయె అని నెత్తి కొట్టుకున్నది. "మరి ముందే చెప్పొద్దా బీబీ?" అంటే, "నువ్వు అడిగినవా? వచ్చి నెల దాటింది, ఒక్కసారన్న మాట్లాడినవా?" అన్నది అజ్మత్ బీ. రామక్క అక్కడనే హోటల్ బల్ల మీద కూసున్నది. ఆనాడే హోటల్ చాయ్ తాగింది, దోస్తానీ కుదిరింది.

ఇక నాలుగు గింజలు. ఈ మన్నుల పెడితే సస్తయ్. మంచి మన్ను కావాలంటే చెయ్యాలె. ఊర్లనయితే పేడ ఉంటది, దిబ్బ ఉంటది, ఎవరూ చెయ్యకున్నా అదే అయితది. ఇక్కడ పేడ లేదు, గొడ్డు లేదు. ఎరువు అయ్యేదాక ఆగితే కాలం దాటుతదేమో, ఆగకుంటే గింజ దక్కదాయె. రెండు రోజులు ఆలోచించి, పెరట్ల ఓ మూలకు మోకాటిలోతు గుంత తవ్వుడు మొదలుపెట్టింది. మాడిపోయిన మన్నంత ఎత్తి బయట పోసింది.

"అమ్మా, ఇది క్వార్టరు. ఇక్కడ పెంటగుంత ఏందే? నలుగురు నవ్వుతరు" అన్నది వనజ పిల్లకు పాలిచ్చుకుంట.

"నవ్వనీ. నవ్వుకు కుళ్ళు వాసన రాదు."

"రైతుబజార్ల చిక్కుడు కావాల్సినంత ఉంటది. దీనికోసం ఇంత గోస ఎందుకు?"

"అవ్ బిడ్డా, పిల్లలు కూడ దవాఖానల కావాల్సినంత మంది ఉండిరి. నువ్వు గా ఒక్కదాన్నే ఎందుకు తెచ్చుకున్నవ్?"

నాగరాజుకు నవ్వాగలేదు. "అత్తమ్మా, నేను భూమి అడుగుల తవ్వుతున్న, మీరు మీద తవ్వుతున్నరు. ఎక్కడన్న కలుస్తం లెండి" అన్నడు.

గుంతల వెయ్యడానికి సరుకు అజ్మత్ బీ ఇచ్చింది. ఉల్లిపొట్టు, ఆలుగడ్డ చెక్కు, కొత్తిమీర కాడలు, కోడిగుడ్డు పెంకులు, పొద్దంతా మరిగిన చాయ్‌పత్తి. గులాం రసూల్ దానికోసం ఒక బకెటే వేరుగ పెట్టిండు. "నా దుకాణంల ఉల్లిపొట్టుకు ఇంత ఇజ్జత్ ఎన్నడు లేకుండె" అనుకుంట రోజూ గోడ మీదికెళ్ళి అందించేటోడు. రామక్క తీసుకునుడు, గుమ్మరించుడు. పైనికెళ్ళి గంజి కూడ పోసింది.

వారం తిరగలేదు, వాసన లేచింది. చూస్తే గుంతల సరుకు చిత్తడి చిత్తడిగ, జిగురుగ. చాయ్‌పత్తిల చక్కెర ఉంటది గద, చీమలు బారులు కట్టినయ్. పక్క క్వార్టరు భారతమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది. "వనజా, మీ అమ్మ ఊరికెళ్ళి వచ్చింది సరే, ఊరంత తెచ్చి ఇక్కడ పెడతదా? మా ఇంటికి సుట్టాలు వచ్చి కూసోలేకపోయిండ్రు. రేపటిదాక చూస్త. అటెనుక ఆఫీసుల చెప్పొస్త."

వనజ ముఖం మాడ్చుకున్నది. రామక్కకు కోపం రాలేదు, ముక్కు తనకూ ఉన్నది మరి. గుంత పక్కన కూసోని ఆలోచించింది. ఊర్ల దిబ్బ ఎందుకు గిట్ల కంపు కొట్టదు? అక్కడ పేడతో పాటు గడ్డి పడతది, పొట్టు పడతది, ఎండుటాకు పడతది. ఇక్కడ అంతా పచ్చి. ఎండుది ఒక్కటీ లేదు. పచ్చిదానికి ఊపిరాడాల్నంటే ఎండుది నడుమ పడాలె. అంతే గద!

తెల్లారి చీపురు పట్టుకొని క్వార్టర్ల లైనంత ఊడ్చుకొచ్చింది. కానుగాకు, యాపాకు, బాదంచెట్ల పెద్దాకులు. బాదమాకును చేతితో చింపి వేసింది. గుంతలదంత పైకి తీసి, ఒక వరుస ఎండాకు, ఒక వరుస తడి సరుకు, మళ్ళ ఎండాకు. గంజి బంద్. చాయ్‌పత్తిని నీళ్ళల జాడిచ్చి వేసింది. ఊడ్చుకుంట భారతమ్మ వాకిలి కూడ ఊడ్చిందేమో, ఆమె బయటికొచ్చి, "మా బాదంచెట్టు ఆకు కూడ తీస్కపోరాదు, రోజూ ఊడ్వలేక సస్తున్న" అన్నది. మూడు రోజులల్ల వాసన పోయింది. ఆఫీసు మాట మళ్ళ ఎవరూ ఎత్తలేదు.

ఇంకొకటి తక్కువైంది. పాలల్ల తోడు లెక్క, కొంచెం జీవమున్న మన్ను కావాలె. ఊరికి కబురు పంపితే, దూలయ్య అడివంచు చెట్ల కింది మన్ను ఒక మూట, ఎండిన పేడ ఒక మూట కట్టుకొని బస్సెక్కిండు. కండక్టరు ఆయన్ని పట్టుకున్నడు.

"ఏంది పెద్దాయనా, మూటల ఏమున్నది? ఇప్పపువ్వా?"

"మన్ను."

"ఇంకో మూటల?"

"పేడ."

"నాతోని మజాకా?" అని కండక్టరు మూట విప్పి చెయ్యి పెట్టిండు. బస్సు బస్సంత నవ్విండ్రు. "కొత్తగూడెంల మన్ను దొరకదా ఏంది?" అని చెయ్యి దులుపుకుంట అడిగితే, "దొరుకుతది. మా ఆడిదానికి నచ్చలే" అన్నడట దూలయ్య. ఎన్నడు ఏమీ అడగని పెండ్లాం ఇప్పుడు మన్ను అడిగింది, తేకుంటే ఎట్లా అని ఆయన లెక్క.

ఆ మన్ను, పేడ కలిపినంక గుంత తన పని తాను మొదలుపెట్టింది. రామక్క కట్టె గుచ్చి తీసి పట్టుకుంటే కట్టె వేడిగ తగిలేది. మంచిగ ఉడుకుతున్నదని మురిసిపోయింది. ఆ ముచ్చట ఇంట్ల చెప్పలేదు. చెప్పకపోవుడే తప్పైంది.

దీపావళికి నాలుగు రోజుల ముందు. చలి మొదలైంది. ఫస్టు షిఫ్టుకు పోవాలని నాగరాజు తెల్లవారుజామున పెరట్లకు వచ్చిండు. చూస్తే గుంతల నుంచి పొగ. చెయ్యి పెట్టిండు, కాలుతున్నది. బొగ్గుబాయి మనిషి ఆయన. కుప్ప పోసిన బొగ్గు ఎవరూ అంటించకుండనే లోపల లోపల రాజుకుంటదని, మొదట గిట్లనే ఆవిరి లేస్తదని ఎన్నిసార్లు చూసిండో! "వనజా! పిల్లను తీస్కొని బయటికి రా!" అని కేక పెట్టి, తొట్టిల నీళ్ళు బకెట్లతోని ఎత్తెత్తి గుంతల కుమ్మరించిండు. ఆరు బకెట్లు. ఏడోది ఎత్తేటప్పటికి రామక్క వచ్చి చెయ్యి పట్టుకున్నది.

"ఏం చేస్తున్నవ్ అల్లుడా!"

"మంట అత్తమ్మా! లోపల అంటుకున్నది!"

"అది మంట కాదయ్యా, ఎరువు! బాలింత ఒళ్ళు లెక్క వెచ్చగుంటది! నెల దినాల నుంచి కాపాడుకొస్తున్న, నిలువునా ముంచితివి!"

గోడ మీద అజ్మత్ బీ తల, పక్క గోడ మీద భారతమ్మ తల. గుంత నిండ నీళ్ళు, మీద ఉల్లిపొట్టు తేలుతున్నది. రామక్క గుంత గట్టు మీద కూసోని కొంగు ముడి పట్టుకున్నది. "గోదావరి సాలదని నువ్వు కూడ ముంచితివా అల్లుడా" అన్నది మెల్లగ.

ఆ మాటకు నాగరాజు బకెట్ కింద పెట్టిండు. ఆ గింజల సంగతి అప్పటిదాక ఆయనకు సరిగ్గ తెల్వదు. వనజ చెప్పింది. తనకిచ్చే చాట గింజలు అవేనని, అవి ఈ చలికాలం దాటవని, తొలిసారి తల్లి తరఫున మాట్లాడింది. నాగరాజు ఆనాడు షిఫ్టుకు పోలేదు. ప్యాంటు పైకి మడిచి, పార పట్టుకొని గుంతలకు దిగిండు. బాయిల పని చేసే చెయ్యి గద, సరుకంత లోడి ఒడ్డుకు పోసి, పలచగ పరిచి ఆరబెట్టి, గుంత అడుగుల రెండు వరుసల ఇటుక ముక్కలు పేర్చిండు. నీళ్ళు దిగి, కింది నుంచి గాలి ఆడెతందుకు. "బాయిల గాలి ఆడకుంటే మనిషే ఉండడు అత్తమ్మా, ఎరువు ఎట్లుంటది?" అన్నడు. ఇది మాత్రం రామక్కకు కూడ కొత్తనే. భారతమ్మ మూడు సంచుల బాదమాకు ఎత్తి గోడ ఇవతల పడేసింది. మళ్ళ వరుసలు పడ్డయ్. అటెనుక వారానికోసారి నాగరాజే తిరగేసేటోడు, తిరగేసినప్పుడల్ల చెయ్యి పెట్టి చూసి, "కాలుతున్నది అత్తమ్మా, కాలుతున్నది!" అని సంబురపడేటోడు.

కార్తీకం దాటేటప్పటికి గుంత సగానికి దిగింది. ఉల్లిపొట్టు లేదు, ఆకు లేదు. గుడ్డు పెంకు ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి. మిగిలిందంత నల్లటి మన్ను, పిడికిట పడితే ముద్దయి, వదిలితే పొడి అయ్యేది. రామక్క ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. తొలకరి పడ్డ అడివి వాసన. అజ్మత్ బీకి చూపెట్టితే, "ఇది మా చాయ్‌పత్తేనా? సచ్చీ?" అని దోసిట పట్టుకొని నిలబడ్డది.

నాలుగు గింజలు పెట్టింది. మూడు మొలిచినయ్. ఒకదాన్ని పురుగు మొదలుకు కొరికేసింది. రెండు నిలబడ్డయ్. ఆకు పచ్చగ, అరచెయ్యంత వచ్చింది. నాగరాజు తాడు కట్టిండు, తీగ నీళ్ళగది కప్పు మీదికెక్కింది. ఆలస్యంగ పెట్టింది కాబట్టి చిన్నగనే ఉన్నది గని, పుష్యమాసం దాటంగనే పూత పట్టింది. ఊదారంగు పూలు. ఆడపిల్ల అప్పటికి బోర్ల పడుతున్నది, పూల దిక్కు చేతులు చాపేది.

అన్నీ కలిపి పంతొమ్మిది కాయలు. నాగరాజు రోజూ లెక్కబెట్టేటోడు. "అత్తమ్మా, ఒక్క కూర..." అంటే, "కొత్తలు చెయ్యకుండ నోట్లె పెట్టం" అన్నది. వాళ్ళ దిక్కు అది కట్టుబాటు. కొత్త పంట ఏదైనా భూమికి పెట్టినంకనే మనిషి తినాలె. దూలయ్య వచ్చిండు. నాలుగు కాయలు కోసి, వండి, బాదమాకుల పెంటగుంత గట్టు మీదనే పెట్టి దండం పెట్టిండు. మిగిలిన కూర మనిషికి రెండు ముక్కలు వచ్చింది. అజ్మత్ బీకి గోడ మీదికెళ్ళి రెండు ముక్కలు. "బిర్యానీ కూడ గిట్ల రెండే ముక్కలు పెడితే మా హోటల్ మూసెయ్యాలె" అన్నది గని, వేళ్ళు నాకింది.

మిగిలిన పదిహేను కాయలు తీగ మీదనే ఎండినయ్. ఇల్లు కప్పేసినం, ఇక పోదాం రా అని దూలయ్య పోరుపెట్టినా, కాయ గలగలమనేదాక కదలనన్నది రామక్క. ఆయన కూడ పోలేదు, హోటల్ బల్ల మీద సగం దినం గడిపేటోడు. కాయలు ఒలిచిననాడు చాటల నల్లటి గింజలు యాభై ఎనిమిది. రామక్క ఎన్నిసార్లు కలబెట్టి చూసుకున్నదో!

వనజను పీట మీద కూసోబెట్టి గుప్పెడు పోసింది. పద్ధతి తీరింది. తనకొక గుప్పెడు కొంగున కట్టుకున్నది. చాటల ఇంకో గుప్పెడు మిగిలింది. గోడ మీదికెళ్ళి, "బీబీ, కొంగు పట్టు" అన్నది.

"అమ్మా!" అన్నది వనజ. "పరాయోళ్ళకు ఇయ్యరంటివి గద?"

"అన్న. ఇన్నేండ్లు ఎవ్వరికీ ఇయ్యకుండ ఒక్క అటక మీద దాస్తిమి. ఒక్కసారి నీళ్ళొస్తే అంతా పాయె. నాలుగిండ్లల ఉంటే గోదావరి ఎన్నిండ్లకని వస్తది?"

అజ్మత్ బీ ఓణీ చెంగు పట్టి గింజలు ముడేసుకున్నది. "చాయ్ పెడత, ఆగు" అని లోపలికి పోయింది.

జూన్ల వానలు పడ్డయ్. ఊరికి మళ్ళిన రామక్క, కొత్త ఇంటి వెనక తవ్విన గుంతల ఎరువు పోసి గింజ పెట్టింది. ఆరోనాడు కిరాణం దుకాణం నుంచి పిలుపొచ్చింది, కొత్తగూడెం ఫోను అని. ఉరికింది. వనజ హలో అన్నదో లేదో అజ్మత్ బీ ఫోను గుంజుకున్నది.

"అక్కా! మావి అయిదు మొలిచినయ్! మీయి?"

"మావి... ఇంకా లేదు."

"ఇంకా లేదా? అయ్యో! ఎరువు మంచిగ కాలేదా? మంట పెట్టినవా, నాగరాజును పంపాల్నా?"

"ఎక్కువ మాట్లాడకు బీబీ, నువ్వు మూడు దినాల ముందు పెట్టినవ్."

"ఒకటే దినం అక్కా! ఒకటే!"

ఫోను పెట్టేసి రామక్క విసవిస ఇంటికి నడిచింది. ఇంట్లకు పోలేదు, సక్కగ పెరట్లకు పోయి కూసోని, గోటితో పైపైన మన్ను గీకింది. తెల్లటి మెడ వంచుకొని ఒకటి. దాని పక్కన ఇంకొకటి. ఇవతల మరొకటి, నెత్తి మీద నల్లటి తొక్క ఇంకా ఊడలేదు.

ఆరు. రెండుసార్లు లెక్కబెట్టింది. ఆరే.

లేచి, చెయ్యి కడుక్కోకుండనే మళ్ళ దుకాణానికి ఉరికింది. "జల్దీ కలుపయ్యా, అదే నంబరు" అన్నది ఆయాసపడుకుంట. "ఆ బీబీ ఇంకా అక్కడనే ఉండి ఉంటది."